కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జలో బిళ్ల ఎందుకు కడుతుంది?

కొత్తపేట_అమ్మ | మంగళవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది గుంటూరు కొత్తపేట. మావాడికి పదకొండేళ్లు. ఆదివారం మా అత్తగారి ఊరు వెళ్తే చెప్పుల్లేకుండా పొలం గట్టు మీద పరిగెత్తి కుడి అరికాల్లో తుమ్మముల్లు దింపుకున్నాడు. అత్తయ్యగారు పిన్నీసుతో తీశారు గానీ సగం లోపలే విరిగింది. సాయంత్రం గుంటూరు వచ్చాక డాక్టర్ గారు మిగతా ముక్క తీసి, కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ వేసి మందులు రాశారు.

ఇవాళ ఒంటిపూట బడికి తయారవుతూ గజ్జలో నొప్పి అన్నాడు. చూస్తే రేగిపండంత బిళ్ల. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అత్తయ్యగారికి ఫోన్ చేస్తే, "ముల్లు దిగితే బిళ్ల కట్టదా ఏంటి, పుండు మానితే అదే కరిగిపోద్ది" అన్నారు. డాక్టర్ గారూ దాదాపు అదే మాట చెప్పారు. టెన్షన్ తగ్గింది.

కానీ వాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "ముల్లు దిగింది అరికాల్లో కదమ్మా. గజ్జకి ఎలా తెలిసింది? ఎవరు వెళ్లి చెప్పారు?" తెల్లకణాలు క్రిములతో పోరాడుతున్నాయి అంటే, "పోరాటం కాల్లో జరగాలి కదా, అక్కడెందుకు వాచింది?" అన్నాడు. తెలిసినవాళ్లు వాడికి అర్థమయ్యేలా చెప్తారా?

స్టాఫ్‌నర్స్_గుంటూరు | మంగళవారం, రాత్రి 9:48

ముందు జాగ్రత్త చెప్తాను అక్కా, తర్వాత పెద్దవాళ్లు సైన్స్ చెప్తారు. బిళ్లను పిసకొద్దు, పసర్లు పూయొద్దు. రాసిన మందులు కోర్సు పూర్తయ్యేదాకా వాడండి. పాదం నుంచి పైకి ఎర్రటి చార కనిపించినా, జ్వరం వచ్చినా, బిళ్ల మీద చర్మం ఎర్రబడి మెత్తబడినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పుండు మానాక కూడా రెండు మూడు వారాలకు బిళ్ల తగ్గకపోతే, లేదా గట్టిగా రాయిలా పెరుగుతుంటే, చూపించకుండా ఉండొద్దు. మెడలో కట్టే బిళ్లల విషయంలోనూ ఇదే మాట. మన దగ్గర టీబీ బిళ్లలు తక్కువేం కాదు.

బ్రాడీపేట_మాస్టారు | మంగళవారం, రాత్రి 10:15

అమ్మా, మీ అబ్బాయి ప్రశ్న చాలా పెద్ద ప్రశ్న. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను, ఇంత సూటిగా అడిగిన విద్యార్థులు ఎక్కువమంది లేరు.

ఈ శాస్త్రంలో ఒక ముఖ్యమైన అధ్యాయం కూడా ముల్లుతోనే మొదలైంది. 1882లో ఇలియా మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఇటలీలోని మెస్సీనాలో ఉండేవాడు. ఇంట్లోవాళ్లంతా సర్కస్ చూడటానికి వెళ్లారు. ఆయన ఒక్కడే మైక్రోస్కోపు ముందు కూర్చుని నక్షత్రచేప పిల్లల్ని చూస్తున్నాడు. అవి గాజులా పారదర్శకంగా ఉంటాయి, లోపల కణాలు కదలడం కనిపిస్తుంది. ఆ కదిలే కణాలే శరీరాన్ని కాపాడుతున్నాయేమోనని తట్టింది. తోటలోంచి గులాబీ ముళ్లు తెచ్చి ఒక పిల్లకు గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఆ పనికి 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు.

మీవాడి పాదంలో మొదటి రోజు జరిగింది అదే. ముల్లు చుట్టూ న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మూగాయి. ఎర్రబడటం, వాపు, చీము అంతా ఆ పోరాటం ఫలితమే. గజ్జలో జరిగేది వేరే కథ. అది నాకంటే కొత్త చదువు చదివినవాళ్లు చెప్పాలి.

రమ్య_పీహెచ్‌డీ | మంగళవారం, రాత్రి 11:05

మాస్టారూ, నమస్తే. నాది విజయవాడ మొగల్రాజపురం. ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను.

అక్కా, బాబుకి ఇలా చెప్పండి. కబురు మోసింది డెండ్రైటిక్ కణం. చర్మంలో ఇవి కొమ్మలు చాచిన చెట్లలా కూర్చుని ఉంటాయి. ముల్లుతో పాటు దిగిన బ్యాక్టీరియాను కొంత మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని తమ ఒంటి మీదే బయటికి కనబడేలా పెట్టుకుంటాయి. ఆ ముక్కనే ప్రతిజనకం అంటాం. తర్వాత కూర్చున్న చోటు వదిలి శోషరస నాళంలోకి (కణాల మధ్య ఊరే పలచటి ద్రవాన్ని మోసే గొట్టం) దూరి గజ్జలోని శోషరస గ్రంథికి చేరతాయి. మీరు బిళ్ల అంటున్నది ఆ గ్రంథే. అరికాలి నుంచి వచ్చే శోషరసం ఎక్కువగా చేరేది ఆ గ్రంథులకే.

దారంతా నడిచి మాత్రం వెళ్లవు. లెక్క చూడండి. ఇలాంటి కణం నిమిషానికి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పాకుతుందనుకుందాం. అరికాలి నుంచి గజ్జకు 70 సెంటీమీటర్లు, అంటే 7 లక్షల మైక్రాన్లు. పాకుతూ పోతే 48 రోజులు దాటుతుంది. అందుకే నాళం దాకా పాకి, అక్కణ్నుంచి శోషరసం ప్రవాహంలో కొట్టుకుపోతుంది. మన కాలి కండరాలు బిగిసి వదిలినప్పుడల్లా ఆ ద్రవం పైకి నడుస్తుంది, వెనక్కి జారకుండా నాళంలో కవాటాలు ఉంటాయి. చర్మం నుంచి బయలుదేరిన కణాలు గ్రంథికి చేరడానికి ఒక రోజు, కొన్ని రకాలకు మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆదివారం ముల్లు, మంగళవారం బిళ్ల. సరిగ్గా కుదిరింది చూశారా!

యార్డు_శ్రీను | బుధవారం, ఉదయం 6:30

నేను చదివింది ఇంటర్ దాకానే. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నా. రమ్య గారు చెప్పింది చదివితే మా యార్డే గుర్తొచ్చింది. తప్పైతే సరిచేయండి.

కాయ కొనేవాడు పల్నాడులో ఊరూరూ కళ్లం కళ్లం తిరిగితే సీజనంతా అయిపోయిద్ది. అందుకని రైతులే టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకుని యార్డుకొస్తారు. కొనేవాళ్లూ ఇక్కడికే వస్తారు. కొట్టు కొట్టుకీ తిరిగి, కోసిన టిక్కీలోంచి గుప్పెడు కాయ తీసి, రంగు చూసి, తొడిమ తుంచి, తేమ ఎంతుందో, తాలు ఎంతుందో చూసి వదిలేసి పక్క లాట్‌కి పోతారు. తేజ కావాల్సినవాడు 334 రకం దగ్గర నిలబడడు.

అంటే పాదం పొలం, గజ్జ యార్డు. డెండ్రైటిక్ కణం శాంపిల్ తెచ్చిన రైతు. అంతేనా అండీ?

రమ్య_పీహెచ్‌డీ | బుధవారం, ఉదయం 8:10

శ్రీను గారూ, ఈ పోలిక నేను క్లాసులో వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

మీ కొనుగోలుదారులే టీ కణాలు, తెల్లకణాల్లో ఒక రకం. ఒక్కో టీ కణానికి ఒక్క రకం గ్రాహకమే ఉంటుంది. అది పట్టే ముక్క తప్ప మిగతావి దానికి పట్టవు. ఒక కొత్త క్రిమి ముక్కను గుర్తుపట్టే టీ కణాలు లక్షకో పది లక్షలకో ఒకటి ఉంటాయి. శరీరంలో గ్రంథులు సుమారు 600. ఆ ఒక్క కణం పాదంలో ముల్లు ఉన్న చోటికే వెళ్లి తగలాలంటే జన్మలో జరగదు. అందుకే శాంపిల్స్ అన్నీ ఒకచోటికి వస్తాయి, వెతికేవాళ్లూ అక్కడికే వస్తారు.

వాళ్లు రక్తంలోంచి ఎలా దిగుతారో కూడా చెప్పాలి. గ్రంథిలో ప్రత్యేకమైన చిన్న రక్తనాళాలు ఉంటాయి. నడుస్తున్న సిటీ బస్సు నుంచి దిగేవాడు కడ్డీ పట్టుకుని నాలుగడుగులు బస్సుతో పాటే పరిగెత్తి ఆగుతాడు కదా. టీ కణం కూడా నాళం గోడను పట్టీ పట్టనట్టు పట్టుకుని దొర్లుతుంది, తర్వాత గట్టిగా అంటుకుంటుంది, ఆ తర్వాత గోడ దాటి లోపలికి దిగుతుంది. ఒక గ్రంథిలో సుమారు 12 నుంచి 24 గంటలు వెతికి, దొరక్కపోతే బయటపడి, మళ్లీ రక్తంలో కలిసి ఇంకో గ్రంథికి పోతుంది. లింఫోసైట్లు (టీ కణాలూ, బీ కణాలనే ఇంకో రకం తెల్లకణాలూ) ఇలా రక్తం నుంచి శోషరసానికి, అక్కణ్నుంచి మళ్లీ రక్తానికి తిరుగుతూనే ఉంటాయని ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ 1950ల చివర్లో ఎలుకల మీద నిరూపించాడు.

లోపల అవి ఎలా నడుస్తాయో కంటితో చూసింది మాత్రం 2002లో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్‌లో మైకేల్ కహలాన్, ఇయాన్ పార్కర్ల బృందం ఎలుక గ్రంథిలో రంగు పట్టించిన కణాల్ని బతికున్న కణజాలం లోపలి దాకా చూపించే రెండు ఫోటాన్ల మైక్రోస్కోపుతో చూసింది. అప్పటిదాకా కోసిన ముక్కల్లో నిలిచిపోయిన కణాల్నే చూసినవాళ్లకు అది పెద్ద ఆశ్చర్యం. టీ కణాలు సగటున నిమిషానికి 11 మైక్రాన్లు నడుస్తున్నాయి. బీ కణాలు 6 మైక్రాన్ల దాకా. తల వెంట్రుక మందం దాటడానికి టీ కణానికి ఏడు నిమిషాలు పడుతుందన్నమాట. రెండు నిమిషాలు తిన్నగా పోతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, ఎటో తిరుగుతుంది, మళ్లీ పోతుంది. ఏ గమ్యం వైపూ మొగ్గు కనిపించలేదు.

కోడింగ్_చరణ్ | బుధవారం, మధ్యాహ్నం 1:40

రమ్యక్కా, ఇది రాండమ్ వాక్ (ప్రతి అడుగూ తోచిన దిక్కుకు వేసే నడక) కదా! నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. 11 మైక్రాన్ల చొప్పున రోజంతా నడిస్తే దాదాపు 16 మిల్లీమీటర్లు. ఎటంటే అటు తిరుగుతూ పోతే బయలుదేరిన చోటు నుంచి ఎంత దూరం చేరుతుందో లెక్క కట్టాలంటే ఇంకో అంకె కావాలి. ఉందా?

రమ్య_పీహెచ్‌డీ | బుధవారం, మధ్యాహ్నం 2:05

ఉంది తమ్ముడూ. అదే బృందం కొలిచిన చలన గుణకం (తిరుగుతూ ఎంత త్వరగా దూరం జరుగుతుందో చెప్పే అంకె) నిమిషానికి 60, 70 చదరపు మైక్రాన్ల మధ్య. 65 వేసుకో.

కోడింగ్_చరణ్ | బుధవారం, మధ్యాహ్నం 2:50

సరే, మూడు దిక్కుల్లో కాబట్టి దూరం వర్గం ఆరు రెట్లు గుణకం రెట్లు కాలం. గంటకు సుమారు 150 మైక్రాన్లు వచ్చింది, తిన్నగా పోతే 660 వచ్చేది. రోజుకు ముప్పావు మిల్లీమీటరే. 16 మిల్లీమీటర్లు నడిచి ముప్పావు మిల్లీమీటరు దూరం చేరుతుంది! మొదట ఎంత వృథా అనిపించింది. తర్వాత అది చేరడానికి నడవడం లేదు, వెతకడానికి నడుస్తోంది అని వెలిగింది. ఆ 16 మిల్లీమీటర్ల పొడవునా ఎంతమందిని తాకిందన్నదే లెక్క.

ఇంకో మాట. జార్జ్ పోల్యా అనే గణిత శాస్త్రవేత్త 1921లో నిరూపించిన సిద్ధాంతం ఒకటుంది. మన బ్రాడీపేట లాంటి లైన్లూ అడ్డరోడ్లూ అంతులేకుండా ఉన్నాయనుకోండి. ప్రతి మలుపులోనూ తోచిన వైపు తిరిగేవాడు ఎప్పటికైనా బయలుదేరిన మలుపుకు తిరిగొస్తాడు, అది ఖాయం. అదే పైకీ కిందికీ కూడా వీధులుంటే తిరిగొచ్చే అవకాశం 34 శాతమే. గ్రంథి లోపల మూడు దిక్కులూ ఉన్నాయి కాబట్టి చూసిన చోటే మళ్లీ చూసే బెడద తక్కువ అనుకుంటున్నా. కరెక్టేనా అక్కా?

బ్రాడీపేట_మాస్టారు | బుధవారం, సాయంత్రం 5:30

చరణ్ బాబూ, లెక్క బాగుంది. కానీ ఒక అభ్యంతరం చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

మా వీధిలో కొత్త పోస్ట్‌మ్యాన్ 4వ లైను 7వ అడ్డరోడ్డు వెతకాలంటే తోచిన సందులోకల్లా తిరగడు. శరీరం అంతకంటే తెలివైనది. న్యూట్రోఫిల్ క్రిమి వాసన పట్టుకుని దాని వెంట పడుతుందని మేమే పాఠం చెప్పాం. ఎర్రకణాల మధ్య మెలికలు తిరుగుతూ న్యూట్రోఫిల్ ఒక బ్యాక్టీరియాను తరిమి మింగే దృశ్యాన్ని 1950లలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రోజర్స్ చిత్రించాడు. అది చూసినవాళ్లెవరూ గుడ్డిగా తిరుగుతోంది అనరు. మరి దానికి ఉన్న ముక్కు టీ కణానికి లేదా?

రమ్య_పీహెచ్‌డీ | బుధవారం, రాత్రి 9:55

మాస్టారూ, ఈ రంగంలో వాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నది ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మొదట, పోస్ట్‌మ్యాన్ దగ్గర అడ్రసు ఉంది. టీ కణం దగ్గర లేదు. న్యూట్రోఫిల్ వెతికేది "ఏదైనా బ్యాక్టీరియా", దానికి వాసన ఉంటుంది. టీ కణం వెతికే ముక్క ఒక కణం ఒంటి మీద అంటుకుని ఉంటుంది. అది గాలిలో మిరప ఘాటులా వ్యాపించదు, దగ్గరికెళ్లి తాకితేనే తెలుస్తుంది. పైగా ఆ ముక్క ఎవరికి కావాలో తెచ్చిన డెండ్రైటిక్ కణానికీ తెలియదు. ఒకరి సంగతి ఒకరికి తెలియని ఇద్దరు కలవాలంటే ఎక్కువమందిని తాకడమే దారి. ఒక డెండ్రైటిక్ కణం గంటకు 500 నుంచి 5000 టీ కణాల్ని పలకరిస్తుందని 2003, 2004ల్లో వచ్చిన అంచనాలు. తనది కాని దాన్ని టీ కణం మూడు నాలుగు నిమిషాల్లో వదిలేస్తుంది.

కానీ మీ మాటలో సగం నిజం ఉంది. ఆ తిరుగుడు పూర్తిగా తోచినట్టు జరగదు. గ్రంథి లోపల సన్నని పీచు కణాల వల అల్లుకుని ఉంటుంది. ఆ దారుల వెంటే టీ కణాలు పాకుతాయని 2006లో చూపించారు. డెండ్రైటిక్ కణాలూ ఆ దారుల పక్కనే కాపు కాస్తాయి. దారుల వెంబడి ఉండే సీసీఎల్21 అనే రసాయనం వాటిని ఫలానా వైపు పొమ్మనదు, ఆగకుండా నడవమంటుంది. అదే ఏడాది ఇంకో సంగతి తేలింది. ఒక సహాయక టీ కణానికి తన ముక్క దొరికి డెండ్రైటిక్ కణంతో జత కుదిరాక, ఆ జత వదిలే రసాయనాలకు చంపే రకం టీ కణాలు దగ్గరికి వస్తాయి. జాడ లేనంతసేపూ తిరుగుడు, జాడ దొరికితే వాసన. చరణ్, నీ బ్రాడీపేట లెక్కలో ఈ వల కూడా పెట్టాలి. వీధులు మూడు దిక్కులా ఉన్నా, వాటి కూడళ్లలోనే మనుషులు నిలబడి ఉంటారు.

కణజాలాన్ని బట్టి నడక కూడా మారుతుంది. ఎలుక మెదడులో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవిని వెతికే టీ కణాలు ఎక్కువగా చిన్న అడుగులు వేస్తూ, అప్పుడప్పుడు ఒక పెద్ద దూకు దూకుతాయని 2012లో నేచర్ పత్రికలో వచ్చింది. దాన్ని లెవీ నడక అంటారు. తక్కువమంది పెద్ద చోటులో వెతకాలంటే అది పనికొస్తుంది. చర్మంలో కాపురం ఉండే జ్ఞాపక టీ కణాలేమో (పాత క్రిమిని గుర్తుపెట్టుకున్నవి) చర్మకణాల సందుల్లో ఇరుక్కుని చాలా నెమ్మదిగా, కొమ్మలు చాచి తడుముకుంటూ తిరుగుతాయి.

బ్రాడీపేట_మాస్టారు | బుధవారం, రాత్రి 10:20

అమ్మా రమ్యా, ఒప్పుకున్నాను. "అడ్రసు లేదు" అన్న మాటతో నా అభ్యంతరం పోయింది.

డెండ్రైటిక్ కణాల్ని 1973లో కనిపెట్టిన రాల్ఫ్ స్టైన్‌మన్ గురించి ఒక్క మాట. పాంక్రియాస్ క్యాన్సర్ వస్తే తన డెండ్రైటిక్ కణాలతోనే చేసిన చికిత్స తీసుకున్నాడు. 2011 అక్టోబరు 3న నోబెల్ ప్రకటించారు. అప్పటికి ఆయన పోయి మూడు రోజులు. కమిటీకి ఆ సంగతి తెలియదు. తెలిశాక కూడా బహుమతి అలాగే ఉంచారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

సత్యనారాయణపురం_రవి | గురువారం, ఉదయం 7:15

రమ్య గారూ, సంబంధం ఉందో లేదో తెలియదు, అడుగుతున్నాను. మా అక్కకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్), అంటే రోగనిరోధక కణాలే మెదడు, వెన్నుపాముల మీద దాడి చేసే జబ్బు. ఫింగోలిమోడ్ అనే మందు వాడుతోంది. రక్తపరీక్షలో లింఫోసైట్లు బాగా తక్కువ అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. ఇంట్లో అందరం భయపడ్డాం. డాక్టర్ గారు "మందు పని అదే" అన్నారు. కణాలు చచ్చిపోతున్నాయా?

రమ్య_పీహెచ్‌డీ | గురువారం, ఉదయం 8:40

చాలా సంబంధం ఉంది రవి గారూ. చావడం లేదు, ఎక్కువగా గ్రంథుల్లోనే ఆగిపోతున్నాయి.

రక్తంలో, శోషరసంలో ఎస్1పీ అనే పదార్థం ఎక్కువ, గ్రంథి లోపల తక్కువ. టీ కణానికి బయటికి దారి చూపేది ఆ తేడానే. రక్తంలో ఉన్నంతసేపూ ఆ పదార్థంలో మునిగి ఉంటుంది కాబట్టి దాన్ని పసిగట్టే గ్రాహకాన్ని కణం లోపలికి లాగేసుకుంటుంది. గ్రంథిలో దిగగానే దానికి గేటు ఎటో తెలియదు, వెతుకుతూ తిరుగుతుంది. గంటలు గడిచేకొద్దీ గ్రాహకం మళ్లీ పైకి వస్తుంది, అప్పుడు గేటు పసిగట్టి బయటపడుతుంది. ఎంతసేపు వెతకాలో చెప్పే గడియారం కణంలోనే ఉందన్నమాట. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

ఫింగోలిమోడ్ ఆ గ్రాహకాన్ని పైకి రానివ్వదు. కణాలు గ్రంథుల్లోనే ఉండిపోతే మెదడు, వెన్నుపాముల మీద దాడికి వెళ్లేవి తగ్గుతాయి. అమెరికాలో 2010లో ఎంఎస్‌కు దీన్ని ఆమోదించారు. ఎంత తగ్గితే ఫర్వాలేదో, ఎప్పుడు ఆపాలో న్యూరాలజిస్టే చెప్పాలి. రిపోర్టు చూసి ఇంట్లో మందు మాన్పించకండి, ఇన్ఫెక్షన్ లక్షణం ఏది కనిపించినా వాళ్లకు చెప్పండి.

కొత్తపేట అక్కా, బాబు ప్రశ్నలో మిగిలిన ముక్కకూ జవాబు ఇక్కడే ఉంది. ఇన్ఫెక్షన్ కబురు అందగానే గ్రంథి కొన్నాళ్లు గేట్లు మూసేస్తుంది. కణాల మీదికి సీడీ69 అనే ప్రొటీన్ వచ్చి అదే గ్రాహకాన్ని లోపలికి లాగేస్తుంది. లోపలికి వచ్చే రక్తమేమో పెరుగుతుంది. వచ్చేవాళ్లు ఎక్కువ, పోయేవాళ్లు లేరు. తన ముక్క దొరికిన కణం మొదట ఏడెనిమిది గంటలు ఒక్కోదాన్ని తాకుతూ తిరిగి, తర్వాత పన్నెండు గంటలు ఒకే డెండ్రైటిక్ కణాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుందని, ఆ తర్వాతే మళ్లీ వేగం పుంజుకుని రెండు, నాలుగు, ఎనిమిదిగా చీలుతుందని 2004లో హార్వర్డ్‌లో ఎలుకల గ్రంథుల్లో చూశారు. రేగిపండంత బిళ్ల అంటే ఇదంతా.

యార్డు_శ్రీను | గురువారం, రాత్రి 8:30

సీజన్‌లో వచ్చే లారీలు వస్తుంటే, లోడైన లారీలు గేటు దాటకపోతే మా యార్డు ఎట్టా ఉండిద్దో నాకు తెలుసు. ఇప్పుడు బాగా అర్థమైంది.

స్టాఫ్‌నర్స్_గుంటూరు | గురువారం, రాత్రి 9:10

ఇదంతా చదివాక ఒక పాత సంగతి ఇప్పుడు అర్థమైంది. ఇంట్లో పెద్దాయనకు టీబీ వస్తే ఆరేళ్ల పాపకు మాంటూ పరీక్ష చేశారు. ముంజేతి చర్మంలోకి ఇంజెక్షన్ ఇచ్చి 48 నుంచి 72 గంటల మధ్య చూడాలి. వాళ్లు ఊరెళ్లాలని తొందరపడితే ఒక ల్యాబ్‌లో 24 గంటలకే చూసి నెగటివ్ అని రాసిచ్చేశారు. మా డాక్టర్ గారు ఆ కాగితం పక్కన పెట్టి మూడో రోజు పొద్దున మళ్లీ రమ్మన్నారు. వేలితో తడిమితే గట్టిగా తగిలింది, స్కేలు పెట్టి కొలిచాం. ఎర్రదనాన్ని కాదు, ఆ గట్టిదనాన్నే కొలవాలి. పాపకు మందు మొదలుపెట్టారు. రెండు రోజులు ఎందుకు ఆగాలో రోగులకు వందసార్లు చెప్పాను గానీ, అది కణాలు నడిచొచ్చే టైమ్ అని నాకెవరూ చెప్పలేదు.

రమ్య_పీహెచ్‌డీ | గురువారం, రాత్రి 10:00

అవును సిస్టర్. టీబీ క్రిమిని ముందే ఎరిగిన జ్ఞాపక టీ కణాలు రక్తంలోంచి చర్మంలో దిగాలి, అక్కడ ఇంజెక్షన్ ముక్కను తడిమి గుర్తుపట్టాలి, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం వదలాలి, దాంతో ఇంకొందరు రావాలి, అప్పుడు గట్టిపడుతుంది. 24 గంటలకు చాలామంది ఇంకా దారిలోనే ఉంటారు.

కొత్తగా సోకినవాళ్లకు అదీ రాదు, పాజిటివ్ కావడానికి 2 నుంచి 8 వారాలు పడుతుంది. టీబీ క్రిమి ఊపిరితిత్తుల్లో చాలా నెమ్మదిగా పెరుగుతుంది, దాన్ని గ్రంథికి మోసే పనీ ఆలస్యంగా మొదలవుతుంది. ఎలుకల్లో వారం దాటితే గానీ గ్రంథికి కబురు అందదు. అంతవరకూ ఇక్కడ ఎన్ని లక్షల టీ కణాలు తిరిగినా యార్డుకు సరుకే రాలేదు. మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న చోట ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేదని మా తాతయ్య చెప్పేవారు. అక్కడ నెలల తరబడి పడుకున్నవాళ్ల రోగం ఇలాంటి ఆలస్యంతోనే మొదలై ఉంటుంది.

స్లైడు_మనిషి | శుక్రవారం, ఉదయం 7:50

విజయవాడ సూర్యారావుపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పదిహేనేళ్లుగా తెల్లకణాల్ని లెక్కపెడుతున్నాను, కానీ అన్నీ రంగు వేసి ఆరబెట్టినవి, కదలనివి. బతికినవాటిని చూడాలంటే ఇలా చేస్తాను. శుభ్రమైన స్లైడు మీద నా వేలి రక్తం చిన్న చుక్క వేసి, కవర్ గ్లాసు మూసి, అంచులు ఆరిపోకుండా వాజలీన్ పూస్తాను. ఒంటి వేడి కావాలి. మన బెజవాడ ఏప్రిల్‌లో ఏసీ ఆపితే సరిపోతుంది. పావుగంట కదలకుండా ఉంచి నూనె లెన్సుతో చూస్తే, ఎర్రకణాల గుట్టల మధ్య న్యూట్రోఫిల్ ముందుకు పలచటి నాలుక చాచి, దాని వెనక లోపలి రేణువులన్నీ పొంగి ప్రవహించినట్టు కదిలి, చివరగా తోక వస్తుంది. లింఫోసైటు కదిలితే గుండ్రటి ముఖం, వెనక చిన్న పిడి, అచ్చం చేతి అద్దంలా ఉంటుంది.

కొత్తపేట మేడమ్, ఆదివారం మధ్యాహ్నం మా ల్యాబ్ ఖాళీ. ఓనర్ గారిని అడిగాను, సరేనన్నారు. కాలు నొప్పి తగ్గితే బాబును తీసుకురండి. రక్తం నాదే, వాడికి సూది ఉండదని చెప్పండి.

కొత్తపేట_అమ్మ | ఆదివారం, రాత్రి 8:45

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. బిళ్ల శనగగింజంత అయింది, నొప్పి లేదు. పుండు ఆరింది.

ఇవాళ బస్సులో విజయవాడ వెళ్లొచ్చాం. అన్నయ్యగారు స్లైడు పెట్టి వాడిని స్టూలు మీద కూర్చోబెట్టారు. మొదట ఏమీ కదలడం లేదన్నాడు. పది నిమిషాలు గడిచాక గట్టిగా అరిచాడు, "అమ్మా, అది పక్కకి జరిగింది!" తర్వాత ఇంక మాట లేదు. రెండు ఎర్రకణాల మధ్య దూరలేక నడుము సన్నం చేసుకుని ఎలా బయటికొచ్చిందో చేత్తో గాలిలో గీసి చూపించాడు. నేనూ చూశాను. చెప్పలేను, ఒళ్లు జలదరించింది. చీకటి పడుతోంది, బస్సు దొరకదు లెమ్మంటే కన్ను తీయలేదు. "ఆగమ్మా, అది ఎటు తిరగాలో ఇంకా అనుకోలేదు" అన్నాడు.